కంబాలకొండ జమాఖర్చు

విశాఖపట్నం కంచరపాలెంలో కిటికీ ఊచలు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. పోర్టులో ఓడల నుంచి దించిన బొగ్గు గుట్టలు, పట్టాల మీద వెళ్లే వ్యాగన్లు, రోడ్డెక్కిన లారీలు, వీటిలో ఎవరి వాటా ఎంతన్నది వేరే చర్చ. మెట్టు దగ్గరైనా, ఊర్వశి జంక్షన్ దగ్గరైనా, పట్టాలు దాటి జ్ఞానాపురం వైపు వెళ్లినా, దండెం మీది బట్టల్ని గట్టిగా దులిపాకే మడతపెట్టడం ఇక్కడి ఇళ్లలో అలవాటు. ఆ నల్లపొడిలో బొగ్గుంది. ఆ బొగ్గు ఒకప్పుడు ఆకు.

అలంకారం కోసం అంటున్న మాట కాదిది. విశాఖ ఉక్కు కర్మాగారం కొలుముల్లోకి వెళ్లే కోకింగ్ బొగ్గులో పెద్ద వాటా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్ బేసిన్‌లో ఆ బొగ్గు పెర్మియన్ యుగంలో, అంటే పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో తయారైంది. అప్పటికి ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మన దేశం అన్నీ గోండ్వానా అనే ఒకే ఖండం. దాని చిత్తడి నేలల్లో నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసాప్టెరిస్ చెట్ల అడవులు పెరిగాయి, కూలాయి, బురదలో గాలి తగలకుండా కూరుకుపోయాయి. మన సింగరేణి బొగ్గు, ఒడిశాలోని తాల్చేరు బొగ్గు కూడా ఆ అడవులే. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. అడుగు వేయలేని స్థితిలోనూ వాళ్లు వదలని ఆ రాళ్లలో గ్లోసాప్టెరిస్ ఆకుల అచ్చులున్నాయి. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవన్న వాదానికి అవి సాక్ష్యాలయ్యాయి.

కంచరపాలెం అలా రెండు అడవుల నడుమ బతుకుతోంది. దక్షిణాన పోర్టులో గుట్టలు పోసిన పాత అడవి. ఉత్తరాన సింహాచలం కొండల వరుసలో ఇంకా ఊపిరితో ఉన్న అడవి, కంబాలకొండ.

రెండో అడవి గురించి నగరంలో ఒక నమ్మకం బలంగా ఉంది. ఫ్యాక్టరీలు పొగ వదులుతాయి, కొండ ఆ పొగ తాగేస్తుంది, లెక్క సరిపోతుంది. పర్యావరణ దినోత్సవం ఉపన్యాసాల్లో ఇదే వింటాం. స్కూలు పిల్లల చార్టుల మీద ఇదే చూస్తాం. చెట్టు బొమ్మ పక్కన కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తున్నట్టు ఒక బాణం గుర్తు ఉంటుంది. బయటికి వచ్చే బాణాన్ని ఎవరూ గీయరు. నిజానికి అడవికీ గాలికీ మధ్య నడిచేది జమాఖర్చు. తీసుకున్నదాంట్లో అత్యధిక భాగాన్ని అడవి తిరిగి ఇచ్చేస్తుంది. ఏటా మిగిలేది చాలా కొద్ది. ఆ కొద్దినీ దశాబ్దాలపాటు కూడబెట్టిన నిల్వే మన కళ్లముందున్న కొండ. ఈ లెక్క తెలియకపోతే మనం కంబాలకొండ మీద మోయలేని భారం వేస్తాం, అది నిజంగా చేస్తున్న పనిని మాత్రం గుర్తించం.

పగలు జమ

ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉన్న ఈ అడవి తర్వాత అటవీశాఖ చేతికి వచ్చి, 2002లో వన్యప్రాణి అభయారణ్యమైంది. విస్తీర్ణం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, అంటే 7,000 హెక్టార్లు. జాతీయ రహదారి ఒకవైపు, జంతు ప్రదర్శనశాల ఇంకోవైపు, నగరం చుట్టూతా. చిరుతలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. నేరేడు, రేల, బలుసు, పరికి, జీడిమామిడి, మధ్యమధ్య ముళ్లపొదలు, గడ్డి మైదానాలు. పొడి నేలల్లో పెరిగే సతతహరిత అడవి అంటారు దీన్ని. పొడి, సతతహరితం అన్న రెండు మాటలూ పక్కపక్కన ఉండటమే ఈ అడవి కష్టాన్ని చెబుతుంది.

ఆకు అడుగున కంటికి కనబడని రంధ్రాలుంటాయి. తెల్లవారి వెలుతురు తగలగానే తెరుచుకుంటాయి. గాలిలో ఇప్పుడు ప్రతి పది లక్షల అణువుల్లో సుమారు 425 మాత్రమే కార్బన్ డయాక్సైడ్‌వి. అంత పలచగా ఉన్నదాన్ని రుబిస్కో అనే ఎంజైము పట్టుకుని చక్కెర తయారీలోకి పంపుతుంది. రుబిస్కో పని చాలా నిదానం, సెకనుకు కొన్ని అణువులే పట్టగలదు. అందుకే మొక్కలు దాన్ని విపరీతంగా తయారు చేసుకుంటాయి. భూమ్మీద అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న ప్రోటీన్లలో అదొకటి. మనం తినే బియ్యం గింజలోని పిండి, తలుపు చెక్క, పోర్టులోని బొగ్గు, అన్నిటిలోని కార్బనూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఎంజైము చేతిమీదుగానే వచ్చింది.

అయితే రంధ్రం తెరిచిన ప్రతిసారీ నీరు పోతుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి రావాలంటే వందల నీటి అణువులు ఆవిరై బయటికి పోతాయి. కోనసీమ కొబ్బరిచెట్టుకు ఇది పెద్ద బెంగ కాదు. రాతిమీద పలచటి ఎర్రమట్టిలో వేళ్లు దింపుకున్న కంబాలకొండ బలుసు చెట్టుకు ఇది చావుబతుకుల సమస్య. అందుకే దీని ఆకులు చిన్నవి, దళసరివి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నెత్తికెక్కే వేళకు రంధ్రాలు మూసుకుంటాయి. రోడ్డు మీంచి చూస్తే కొండ పచ్చగానే కనబడుతుంది. కానీ ఆ వేళ జమ బాగా పడిపోతుంది. పచ్చదనాన్ని చూసి పీల్చే శక్తిని అంచనా కట్టకూడదు.

జమకు మంచి రోజులు వానలు స్థిరపడ్డాక వస్తాయి. విశాఖకు నైరుతి రుతుపవనాలే కాకుండా అక్టోబరులో వాయుగుండాల వానలు కూడా గట్టిగా పడతాయి. నేలలో తడి ఉంటుంది, మబ్బు విడుస్తుంది, ఆకు నిండా ఉంటుంది. మబ్బు విడవడం ముఖ్యం. అసోంలోని కాజీరంగ అడవిలో పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, అడవి ఎక్కువగా కార్బన్ పీల్చుకున్నది వర్షాకాలానికి ముందు నెలల్లో. వర్షాకాలంలో దట్టమైన మబ్బులు వెలుతురును అడ్డుకోవడంతో జమ తగ్గింది. వాన పడితే అడవికి పండగేనని అనుకునే మనకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

రాత్రీ పగలూ ఖర్చు

చక్కెర చేతికొచ్చిన క్షణం నుంచే ఖర్చు మొదలవుతుంది. చెట్టు కూడా శ్వాసిస్తుంది. వేరు మట్టిలోకి చొచ్చుకుపోవాలన్నా, కొత్త చిగురు వేయాలన్నా, నీటిని పైకి తోడాలన్నా చక్కెరను కాల్చుకోవాలి. పగలంతా పీల్చిన కార్బన్‌లో దాదాపు సగం ఇలా చెట్టు సొంత ఖర్చులకే పోతుంది. మిగిలిన సగంతో ఆకు, కొమ్మ, పువ్వు, వేరు తయారవుతాయి. ఆకు రాలుతుంది. చెదలు, శిలీంధ్రాలు, కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని తిని, అవీ శ్వాసించి, కార్బన్‌ను మళ్లీ గాలికి అప్పగిస్తాయి. సూర్యుడు అస్తమించాక జమ పూర్తిగా ఆగుతుంది. ఖర్చుకు మాత్రం సెలవు లేదు.

వేసవంతా ఎండిన నేలమీద జూన్‌లో తొలివాన పడినప్పుడు జరిగేది ఇంకా ఆసక్తికరం. నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేస్తాయి. ఎండలో మురగకుండా ఆగిన ఆకుచెత్తను, చనిపోయిన తోటి సూక్ష్మజీవుల అవశేషాలను ఆబగా తింటాయి. కొద్ది గంటల్లోనే నేల నుంచి కార్బన్ డయాక్సైడ్ పెద్దయెత్తున లేస్తుంది. ఎండి తడిసిన నేలల్లో ఇలా జరుగుతుందని తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన హెచ్.ఎఫ్. బిర్చ్ 1958లో వివరించారు. నేల శాస్త్రజ్ఞులు దీన్ని బిర్చ్ ప్రభావం అంటారు. తొలకరికి మనం మురిసిపోయే వేళ కొండ పద్దులో ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుందన్నమాట. కొత్త ఆకులు వేసుకుని, పీల్చడం పుంజుకున్నాకే లెక్క జమ వైపు మొగ్గుతుంది.

ప్రపంచం మొత్తం మీద చూస్తే మొక్కలు ఏటా పీల్చే కార్బన్ సుమారు 12,000 కోట్ల టన్నులు, ఇంకా ఎక్కువే అనే అంచనాలూ ఉన్నాయి. శ్వాస, కుళ్లు, మంటలు అన్నీ పోగా నేలమీద నికరంగా మిగిలేది 300 కోట్ల టన్నుల చుట్టూ. నూటికి రెండున్నర. మనుషులు బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి వదిలేది ఏటా దాదాపు 1,000 కోట్ల టన్నుల కార్బన్. అడవులు, నేలలు కలిసి మన విసర్జనలో మూడో వంతుకు కాస్త తక్కువ పట్టుకుంటున్నాయి. సముద్రం పావు వంతు పట్టుకుంటోంది. మిగతాది గాలిలోనే ఉండిపోతోంది. ఈ అమరికే లేకపోతే ఇప్పటి వేడి ఇంకెంత ఉండేదో ఊహించుకోవచ్చు. ఇంత పెద్ద సాయం రెండున్నర శాతం మిగులు మీద నడుస్తోందన్న సంగతి తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. జమ కాస్త తగ్గినా, ఖర్చు కాస్త పెరిగినా ఆ మిగులు ఆవిరైపోతుంది.

అలా ఆవిరైన చోట్లున్నాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త లుసియానా గట్టి బృందం 2010 నుంచి 2018 దాకా అమెజాన్ మీద చిన్న విమానాల్లో తిరిగి వేర్వేరు ఎత్తుల్లో గాలి సీసాల్లో పట్టి కొలిచింది. అడవులు నరికి, తగలబెట్టి, వేడెక్కిన ఆగ్నేయ అమెజాన్ ప్రాంతం పీల్చేదానికన్నా ఎక్కువ వదులుతోందని 2021లో ప్రకటించింది. ప్రపంచానికి ఊపిరితిత్తులని మనం పిల్లలకు నేర్పిన అడవిలో ఒక భాగమే అలా మారిపోయింది.

ఎలా కొలుస్తారు?

అడవి ఊపిరిని కొలిచే పద్ధతి నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. చెట్ల పైకప్పుకన్నా ఎత్తుగా ఒక ఇనుప టవర్ కడతారు. పైన రెండు పరికరాలు. ఒకటి శబ్ద తరంగాలతో గాలి పైకి కదులుతోందా, కిందికి దిగుతోందా, ఎంత వేగంతో అన్నది సెకనుకు పది, ఇరవై సార్లు కొలుస్తుంది. రెండోది అదే క్షణంలో ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో పరారుణ కాంతితో చూస్తుంది. గాలి ఎప్పుడూ సుడులు తిరుగుతూ ఉంటుంది. కిందికి దిగే సుడిలో ఎక్కువ వాయువు, పైకి లేచే సుడిలో తక్కువ ఉంటే ఆ తేడా అడవి పీల్చుకున్నది. రాత్రి తేడా తిరగబడుతుంది. ఇలా రోజుకు లక్షల కొలతలు, ఏళ్ల తరబడి. అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1990ల తొలినాళ్ల నుంచి ఈ కొలతలు సాగుతున్నాయి. మన దేశంలో కాజీరంగతో పాటు మధ్యప్రదేశ్‌లోని బేతూల్ ఆకురాల్చే అడవిలో, సుందర్బన్స్ మడ అడవిలో ఇలాంటి టవర్లు నిలబెట్టారు.

కంబాలకొండ లాంటి చోట ఈ విద్యకు ఒక చిక్కుంది. రాత్రి కొండమీది గాలి చల్లబడి బరువెక్కి, అడవి వదిలిన వాయువును మోసుకుంటూ లోయల్లోకి జారిపోతుంది. పైనున్న పరికరానికి అది అందదు. ఖర్చు తక్కువగా నమోదై, కొండ ఉన్నదానికన్నా మంచి జమ చూపిస్తుంది. అందుకే టవర్లకు చదును నేలలు వెతుక్కుంటారు. కొండల్లో నమ్మదగింది పాత పద్ధతే. అడవిలో కొన్ని గళ్లు గుర్తుపెట్టుకుని, ప్రతి చెట్టుకూ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి, జాతిని బట్టి కలప సాంద్రత తెలుసుకుని, బరువు లెక్కగట్టడం. ఎండిన కలప బరువులో సుమారు 47 శాతం కార్బన్. కొన్నేళ్లకు అవే చెట్లను మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఆకాశం నుంచీ సాయం వచ్చింది. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే నిసార్ ఉపగ్రహం వెళ్లింది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఆ ఉపగ్రహంలో 24 సెంటీమీటర్ల తరంగాల రాడార్ ఉంది. అంత పొడుగు తరంగాలు ఆకుల్లోంచి దూసుకెళ్లి కొమ్మల్నీ మాన్లనూ తాకి తిరిగొస్తాయి. మబ్బు అడ్డుకాదు. పన్నెండు రోజులకోసారి అదే నేలను మళ్లీ చూస్తుంది. పచ్చదనం వెనక ఎంత కర్ర ఉందో చెప్పగల కన్ను అది.

ఇంకా పాత సాక్ష్యం ఒకటుంది. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనాలోవా పర్వతం మీద కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షలకు 315 ఉంది. 2024 సగటు 424 దాటింది. ఆ గీత తిన్నగా పైకి ఎక్కదు. ఏటా మే నెలలో శిఖరం, సెప్టెంబరు, అక్టోబరులో లోయ. ఉత్తరార్ధగోళపు అడవులు వేసవిలో పీల్చి, శీతాకాలంలో వదిలే ఊపిరి ఆ రంపపు పళ్లు. పసిఫిక్ మధ్యలో నిలబడి సైబీరియా అడవుల శ్వాసను చూడగలిగారంటే కారణం ఒక్కటే, ఈ వాయువు ఎక్కడ పుట్టినా ప్రపంచమంతా కలిసిపోతుంది.

యాభై రోజుల అడవి

పొగను కొండ తాగేస్తుందన్న నగరపు నమ్మకాన్ని ఇక్కడే నిలబెట్టి అడగాలి. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్య పల్లంలో పోర్టు, రిఫైనరీ, పరిశ్రమలు. బౌల్ ఏరియా అని పిలిచే ఈ పల్లంలో ధూళి, గంధకపు వాయువులు నిలిచిపోవడం నిజం. చెట్ల ఆకులు కొంత ధూళిని పట్టుకుంటాయన్నదీ నిజం. కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. రిఫైనరీ చిమ్నీ నుంచి వచ్చిన అణువు కంబాలకొండ మీద ఆగదు. అక్కడి నేరేడు ఆకు పట్టుకున్న అణువు జపాన్‌దో జాంబియాదో కూడా కావచ్చు. కాబట్టి లెక్క చూడాల్సింది మొత్తాల్లో.

భారత అటవీ సర్వే 2023 నివేదిక ప్రకారం దేశంలోని అడవుల్లో నిల్వ ఉన్న కార్బన్ దాదాపు 728 కోట్ల టన్నులు. హెక్టారుకు సగటున సుమారు 100 టన్నులు. అందులో సగానికి పైగా చెట్లలో కాదు, మట్టిలో ఉంది. కంబాలకొండకు ఈ జాతీయ సగటునే అన్వయిద్దాం. 7,000 హెక్టార్లకు 7 లక్షల టన్నుల కార్బన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే దాదాపు 25 లక్షల టన్నులు.

విశాఖ ఉక్కు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి 1.8 కోట్ల టన్నులు, రోజుకు 50 వేల టన్నులు. అంటే కంబాలకొండ తరతరాలుగా చెట్లలో, వేళ్లలో, మట్టిలో దాచిన మొత్తం నిల్వ ఒక్క కర్మాగారపు యాభై రోజుల విసర్జనకు సమానం. కొండ ఏటా హెక్టారుకు ఒక టన్ను కార్బన్ నికరంగా కూడబెడుతోందని ఉదారంగా అనుకున్నా, ఆ ఏడాది సంపాదన కర్మాగారానికి సగం రోజు.

ఈ అంకెలు ఉక్కు కర్మాగారం మీద ఫిర్యాదు కావు. 1966 నాటి ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారం అది. కంచరపాలెంలో ఎన్నో ఇళ్లు దాని జీతంతో నిలబడ్డాయి. ఉక్కు లేకుండా పట్టాలు లేవు, వంతెనలు లేవు. కానీ ఆ విసర్జన తగ్గాల్సింది కొలిమి దగ్గర, ఇంధనం దగ్గర, తుక్కును కరిగించి మళ్లీ వాడే పద్ధతుల దగ్గర. మొక్కలు నాటి దాన్ని సరిపెడతామని ఎవరు చెప్పినా ఈ యాభై రోజుల లెక్క వాళ్ల ముందు పెట్టాలి.

లెక్క మన ఇంటి గుమ్మంలోనూ ఉంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. వంటగ్యాసు సిలిండర్ ఒకటి అయిపోయేసరికి 42 కిలోలకు పైనే. కంచరపాలెం నుంచి గాజువాకకు రోజూ బండి మీద వెళ్లొచ్చే మనిషి రోజుకు లీటరు చొప్పున మూడు వందల రోజులు కాల్చితే దాదాపు 700 కిలోలు. దాన్ని చెట్టు రూపంలో దాచాలంటే 400 కిలోల ఎండు కలప కొత్తగా పెరగాలి. పెరగడంతో సరిపోదు, కూలకుండా, కాలకుండా నిలవాలి. మరుసటి ఏడాదికి ఇంకో 400 కిలోలు.

హుద్‌హుద్ చేసింది

కూలకుండా నిలవడం ఎంత కష్టమో విశాఖకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 185 కిలోమీటర్ల వరకూ గాలులతో హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. కైలాసగిరి మీది వాతావరణ రాడారే దెబ్బతింది. రోడ్ల వెంట తురాయిలు, పచ్చతురాయిలు వేళ్లతో సహా పడిపోయాయి. మర్నాడు తెల్లవారి కొండల వైపు చూసినవాళ్లకు అవి మంటల్లో కాలినట్టు గోధుమరంగులో కనబడ్డాయి. నిప్పు ఏమీ లేదు. గాలి ఆకుల్ని చీల్చేసింది, ఉప్పునీటి తుంపర మిగిలినవాటిని మాడ్చేసింది.

పద్దు ప్రకారం ఆ రోజు జరిగింది ఇది. అక్టోబరు కొండకు మంచి రాబడి నెల. సరిగ్గా అప్పుడే ఆకులు పోయి జమ ఆగిపోయింది. ఖర్చు ఆగలేదు. కూలిన చెట్టులోని కార్బన్ ఆ రోజే గాలిలో కలవలేదు, బతికున్న నిల్వ నుంచి చచ్చిన నిల్వకు మారింది. ఆ మాను చెదలు పట్టి, బూజు పట్టి ఏళ్లపాటు కొద్దికొద్దిగా విడుదలవుతూనే ఉంటుంది. రోడ్డు పక్కన పడిన చెట్టుకు ఇంకో విధి ఉంది. కోతమిల్లుకు వెళ్లి ద్వారబంధమైతే దానిలోని కార్బన్ మరో యాభై ఏళ్లు ఇంట్లో ఉంటుంది. పొయ్యిలోకి వెళ్తే సాయంత్రానికే గాలిలో.

2005లో అమెరికాను తాకిన కత్రినా తుపాను తర్వాత శాస్త్రవేత్త చాంబర్స్ బృందం ఉపగ్రహ చిత్రాలతో, నేలమీది కొలతలతో ఈ లెక్క వేసింది. 32 కోట్ల చెట్లు చనిపోయాయి లేదా తీవ్రంగా దెబ్బతిన్నాయి. అలా చచ్చిన నిల్వగా మారిన కార్బన్ దాదాపు 10.5 కోట్ల టన్నులు. ఆ దేశపు అడవులన్నీ కలిసి ఏడాదిలో నికరంగా కూడబెట్టేదానితో పోల్చదగినంత మొత్తాన్ని ఒక్క తుపాను తలకిందులు చేసింది. బంగాళాఖాతం వేడెక్కుతున్నకొద్దీ బలమైన తుపాన్లు పెరుగుతాయన్నది శాస్త్రవేత్తల హెచ్చరిక. తీరాన్ని ఆనుకున్న మన కొండల నిల్వకు ఇది నేరుగా తగిలే ముప్పు.

అయినా హుద్‌హుద్ తర్వాత కంబాలకొండ లేచింది. నెలల్లోనే మోడుల మీద చిగుర్లు వచ్చాయి. వేళ్లు, మట్టి చెక్కుచెదరకపోవడమే దానికి మూలం. చెట్టును గాలి విరిచినా మట్టిలోని సగం నిల్వను ముట్టుకోలేదు. బుల్డోజర్ ముట్టుకుంటుంది. వాలును చదును చేసినప్పుడు, రోడ్డు కోసం కొండను కోసినప్పుడు పైపొర మట్టి ఎండకు, గాలికి తేలిపోతుంది. దానిలోని కార్బన్ వేగంగా ఆవిరవుతుంది, మిగిలింది తర్వాతి వానకు కొట్టుకుపోతుంది. ఎండాడ, మధురవాడ వైపు నగరం కొండ అంచుల దాకా పాకింది. తుపాను కన్నా నాకు ఆ అంచుల గురించే ఎక్కువ దిగులు.

కార్చిచ్చు సంగతీ అంతే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండుగడ్డికి అంటుకునే నిప్పు పెద్ద చెట్లను చంపకపోవచ్చు. ఆకుచెత్తను, మొలకలను మాత్రం తుడిచిపెడుతుంది. మొలకలు పోతే ఇరవై ఏళ్ల తర్వాతి చెట్లు పోయినట్టే. ఖాళీ అయిన చోట లంటానా పొద అల్లుకుని, మరుసటి వేసవి మంటకు తనే ఇంధనమవుతుంది.

రైలు పట్టా వెంట పైకి

కంబాలకొండ ఒక్కటే మన అడవి కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకు దించే కొత్తవలస–కిరండూల్ లైను వెంట పైకి వెళ్తే అనంతగిరి, అరకు. అక్కడ 2010 తర్వాత నాంది ఫౌండేషన్, యూరప్ కంపెనీల పెట్టుబడితో నడిచే లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి గిరిజన రైతుల చేలల్లో 60 లక్షల చెట్ల దాకా నాటించాయి. కాఫీ, దానికి నీడనిచ్చే చెట్లు, మామిడి, జీడి. చెట్లు పట్టుకునే కార్బన్‌కు కంపెనీలు క్రెడిట్ల రూపంలో వాటా తీసుకుంటాయి, పండ్లూ కాఫీ రైతువి. పారిస్‌లోని విసర్జనకు అరకులో పద్దు రాయడం సబబేనా అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ ఉంది. యాభై రోజుల లెక్క అక్కడా వర్తిస్తుంది. కానీ పోడు కొట్టి కాల్చే వాలు మీద కాఫీ నీడ నిలబడితే ఆ మట్టి కదలదు, రైతు చేతికి ఏటా డబ్బొస్తుంది. చెట్టు నిలవడంలో మనిషికి లాభం ఉన్నచోటే చెట్టు నిలుస్తుంది. ఆ కోణంలో అరకు ప్రయోగం నగరపు మొక్కల పండగల కన్నా ఎంతో ముందుంది.

నగరంలో ఇప్పుడు మారాల్సింది లెక్కరాసే తీరు. ఏటా ఎన్ని మొక్కలు నాటామో ప్రకటిస్తున్నారు. మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో కూడా అదే పేజీలో ప్రకటించాలి. కంబాలకొండలో శాశ్వత గళ్లు గుర్తించి అయిదేళ్లకోసారి చెట్ల చుట్టుకొలత, మట్టిలో కార్బన్ కొలిచి నివేదిక బయటపెట్టాలి. ఇందుకు విదేశీ నిపుణులు అక్కర్లేదు. 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. కంచరపాలెంలో పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. టేపు పట్టుకోవడం, జీపీఎస్ గుర్తులు వేయడం, అంకెలు ఎక్కించడం అక్కడి పిల్లలు ఒక్క వారంలో నేర్చుకుంటారు. నిసార్ చూసిన దృశ్యం సరైనదో కాదో తేల్చడానికి కూడా నేలమీద ఇలాంటి కొలతలే కావాలి. వేసవికి ముందే నిప్పు అడ్డగీతలు శుభ్రం చేసే అటవీ కాపలాదారుల సంఖ్య, వాళ్ల జీతాలు పెరగాలి. కొండ అంచున లేఅవుట్‌కు అనుమతి అడిగిన ప్రతిసారీ ఆ వాలు మట్టిలో ఎన్ని టన్నుల కార్బన్ ఉందో ఫైల్లో రాసి, దాని కింద సంతకం పెట్టే అధికారి పేరు ఉండాలి.